ప్రేరణ ఎవరి సొత్తు?

మీకు ప్రేరణ ఎవరని అడిగితే మన రచయితల్లో చాలామంది పుస్తకాల పేర్లే చెబుతారు. ఒక బొమ్మ పేరు, ఒక పాట వరుస, గోడ మీది ఒక రాత చెప్పేవారు అరుదు. సాహిత్యం సాహిత్యం నుంచే పుడుతుందన్న అపోహే దీనికి కారణం. ప్రేరణ వ్యక్తి అంతరంగంలో వెలిగే దివ్యజ్యోతి అన్న భావవాదం దీనికి తోడైంది. తెలంగాణ సాంస్కృతిక చరిత్ర ఈ రెండింటినీ సమర్థించదు.

నేనుంటున్న ఆర్మూరుకు పాతిక కిలోమీటర్ల పైచిలుకు దూరంలో నిజామాబాద్ ఖిల్లా ఉంది. నిజాం పాలన చివరి రోజుల్లో అక్కడి జైల్లో దాశరథి కృష్ణమాచార్య, వట్టికోట ఆళ్వారుస్వామి కలిసి ఉన్నారు. దాశరథి బొగ్గుముక్కతో జైలు గోడల మీద పద్యాలు రాసిన సంగతి మనకందరికీ తెలుసు. అయితే ఆ ఘట్టాన్ని సాహసగాథగా మాత్రమే చెప్పుకుంటున్నాం. శిల్పం దృష్టితో కూడా దాన్ని పరిశీలించాలి. పుస్తకాన్ని ఎవరో తెరవాలి; గోడ మీది పద్యం నలుగురికీ ఒకేసారి కనబడుతుంది. దాన్ని చెరిపినా చదివినవాడి నోట మిగలాలి. అందుకే అది ధారణకు లొంగే ఛందస్సులో ఉండటం, ధిక్కారం సూటిగా పలకడం యాదృచ్ఛికం కాదు. పక్కనున్న సహఖైదీ కూడా సామాన్య పాఠకుడు కాడు. 1938లో దేశోద్ధారక గ్రంథమాల స్థాపించి పుస్తకాలను జనం దగ్గరికి మోసుకుపోయిన మనిషి. 1949లో వెలువడిన ‘అగ్నిధార’ను దాశరథి ఆయనకే అంకితమిచ్చారు. కవి తన అప్పును బాహాటంగా ఒప్పుకున్న సందర్భమిది.

పాట విషయంలో ఈ అప్పు మరింత పెద్దది. 1943లో ఏర్పడిన ప్రజానాట్యమండలి కొత్త కళారూపాలను శూన్యంలోంచి సృష్టించలేదు. జంగం కథ బుర్రకథగా ఉద్యమంలోకి వచ్చింది. షేక్ నాజర్ దానికి తన సంగీత శిక్షణను జోడించి జనరంజకం చేశారు. తాను ఎక్కడ నేర్చిందీ, ఎవరి దగ్గర నేర్చిందీ ‘పింజారి’ అనే ఆత్మకథలో దాపరికం లేకుండా చెప్పారు. సుద్దాల హనుమంతు గొల్లసుద్దుల బాణీని పోరాటానికి మలిచారు. ఆయన రాయకముందే ఆ బాణీ ఊళ్లలో ఉంది. దాన్ని బతికించుకొచ్చిన గొంతుల పేర్లు మన సాహిత్య చరిత్రల్లో లేవు.

‘మా భూమి’ చిత్రం ఇందుకు మంచి ఉదాహరణ. 1979లో గౌతమ్ ఘోష్ దర్శకత్వంలో తయారైన ఈ చిత్రానికి ఆధారం కృష్ణచందర్ ఉర్దూ నవల. నిర్మాణానికి పూనుకున్న బి.నర్సింగరావు స్వయంగా చిత్రకారుడు. అందులో గద్దర్ పాడిన పాట సాయుధ పోరాట కాలంలో బండి యాదగిరి కట్టింది. బెంగాలీ దర్శకుడు, ఉర్దూ నవల, తెలంగాణ పాట కలిసి ఒక కళాఖండమయ్యాయి. మా ప్రాంతపు పోలిక ఒకటి చెబుతాను. పసుపులో సున్నం కలిస్తే ఎరుపు వస్తుంది. ఆ ఎరుపు ఆ రెంటిలో ఏ ఒక్కదాని సొత్తూ కాదు. ప్రేరణ అంటే అనుకరణ కాదు, ఇలాంటి మార్పు. కానీ ఈ మార్పులో గద్దర్ గొంతు తెలిసినంతమందికి యాదగిరి పేరు తెలియకపోవడం మన విమర్శకు గౌరవం కాదు.

ఇక బొమ్మ. చేర్యాల నకాషీ పటంలో ఎర్రటి నేల మీద కథ వరసలు వరసలుగా సాగుతుంది. పటం విప్పుతూ కథకుడు పాడతాడు. అక్కడ చిత్రం, సంగీతం, సాహిత్యం వేరుకాలేదు. సిద్దిపేట కాపు రాజయ్య (1925–2012) ఈ సంప్రదాయం నుంచి గీతనూ రంగునూ గ్రహించారు. బూరుగుపల్లిలో 1942లో పుట్టిన తోట వైకుంఠం బరోడాలో కె.జి. సుబ్రమణ్యన్ దగ్గర చదివి కూడా తన ఊరి స్త్రీ దగ్గరికే తిరిగివచ్చారు. ఆయన బొమ్మల్లోని పసుపు, కుంకుమ గ్రామీణ స్త్రీకి కళాశాలల్లో, ప్రదర్శనశాలల్లో చోటు సంపాదించాయి. ఇది చిన్న విజయం కాదు.

అయినా పసుపు పండే ఊళ్లో ఉన్నవాణ్ణి కనుక ఒక ప్రశ్న వేయక తప్పదు. ఆ చిత్రాల్లో ముఖానికి రాసుకున్న పసుపు కనిపించినంతగా, పసుపు తవ్వి, ఉడకబెట్టి, ఆరబోసే చెయ్యి కనిపించదు. 1943 బెంగాల్ కరువులో ఊరూరా నడిచి ఆకలి దేహాలను గీసిన చిత్తప్రసాద్ ముందు కూడా ప్రజలే ఉన్నారు. ఆ బొమ్మలతో వెలువడిన పుస్తకాన్ని బ్రిటిష్ ప్రభుత్వం తగలబెట్టించింది. ప్రజల నుంచి ప్రేరణ పొందామని ఇద్దరూ చెప్పవచ్చు. ప్రజల అలంకరణ నుంచి తీసుకున్నామా, శ్రమ నుంచి తీసుకున్నామా అన్నదే విమర్శకుడు అడగవలసింది. ఈ ప్రశ్న చిత్రకారులకే కాదు, పల్లె నుడికారాన్ని కథల్లో వాడుకునే మనకూ వర్తిస్తుంది.

కనుక యువరచయితలకు నా సూచన ఇది. మీ ప్రేరణలను చెప్పండి, పూర్తిగా చెప్పండి. పాట రాస్తే దాని వరుస ఏ కులవృత్తి వారిదో, ఏ పనిపాటదో రాయండి. పుస్తకం వేస్తే ముఖచిత్రకారుడి పేరు మొదటి పేజీలోనే అచ్చువేయండి. పత్రికలు కూడా ఈ నియమం పాటించాలి. ఇది మర్యాద కోసం కాదు. ఎవరి దగ్గర ఏం తీసుకున్నామో రాసిపెట్టుకోని సాహిత్యం, చివరికి ఎవరికోసం రాస్తున్నదో కూడా మరిచిపోతుంది.