లైను తెగితే లెక్క ఆగేది

మంట దగ్గరికి జరగండర్రా, చెబుతాను. మా రోజుల్లో దూరాన ఉన్న యూనిక్స్ యంత్రాన్ని అందుకోవాలంటే టెలిఫోను లైనూ, కీచుమనే మోడెమూ ఉండాల్సిందే. రాత్రికి పెద్ద లెక్కల స్క్రిప్టు ఎక్కించి, ఆదేశం చివర యాంపర్‌శాండ్ గుర్తు పెట్టి బ్యాక్‌గ్రౌండులోకి పంపేవాళ్లం. గాలివానకి లైను తెగిందా, తెల్లారి చూస్తే పని సగంలో ఆగి ఉండేది.

ఫోను పెట్టేసినట్టు తెలియగానే ఆ టెర్మినల్ మీద నడిచే పనులకి హ్యాంగప్ సిగ్నల్ వెళ్లేది. దాని అంకె 1. దాన్ని పట్టించుకోవద్దని ముందే చెప్పి ఉంచితేనే పని బతికేది. అందుకే 1970ల్లోనే నోహప్ ఆదేశం పుట్టింది. లైను తెగినా సెషన్‌ని బతికించే స్క్రీన్ 1987లో, అలాంటిదే టీమక్స్ ఆ తర్వాత వచ్చాయి. మోడెములు పోయినా ఆ సిగ్నల్ పోలేదు. ఇవాళ ఎస్ఎస్‌హెచ్ తెగినా అదే వస్తుంది.

మొన్న మన చిన్నాడు "స్క్రిప్టు దానంతటదే చచ్చిపోయింది తాతా" అన్నాడు. దానంతటదే ఏదీ చావదురా, ఎగ్జిట్ కోడ్ చూడమన్నాను. 137 వచ్చింది. 128 తీసేస్తే మిగిలేది 9, అంటే కిల్ సిగ్నల్. దాన్ని ఏ ప్రోగ్రామూ అడ్డుకోలేదు. కెర్నెల్ లాగు చూపే డీమెసేజ్ తెరిస్తే 'అవుట్ ఆఫ్ మెమరీ' అన్న వరుస కనబడింది. మెమరీ చాలక కెర్నెలే దాన్ని చంపేసింది. అక్కడ నోహప్ పెట్టినా లాభం లేదు, మెమరీ వాడకం తగ్గించాలి.

కొన్ని చావవు, నిలబడిపోతాయి. బ్యాక్‌గ్రౌండులో ఉన్న స్క్రిప్టు కీబోర్డు నుంచి జవాబు అడిగితే కెర్నెల్ దాన్ని ఆపేస్తుంది. జాబ్స్ కొడితే 'స్టాప్డ్' అని చూపిస్తుంది. ఇన్‌పుట్‌ని డెవ్ నల్‌కి మళ్లిస్తే ఆ బెడద ఉండదు.

2016లో, లినక్స్‌లో సర్వీసులని నడిపే సిస్టమ్‌డీ 230 వచ్చినప్పుడు లాగవుట్ కాగానే వాడుకరి పనులన్నీ, స్క్రీన్, టీమక్స్‌తో సహా, చంపడం డీఫాల్టు చేశారు. పెద్ద గొడవైంది. డెబియన్ ఆ డీఫాల్టుని వెనక్కి తిప్పింది. రోజుల తరబడి నడవాల్సిన పనైతే సిస్టమ్‌డీలో సిస్టమ్ సర్వీసుగానే పెట్టండి. లాగవుట్‌తో దానికి సంబంధం ఉండదు, లాగులు జర్నల్‌లో దొరుకుతాయి.

పని ఆగిందని వెంటనే మళ్లీ నడపకండర్రా. ముందు ఎగ్జిట్ కోడ్ రాసుకోండి, లాగు చదవండి, కారణం తెలిశాకే మళ్లీ ఎక్కించండి.