"జే" అంటే పల్లెటూరోడు: రోడ్డు దాటడం వెనక కథ

ఈసారి పోస్టు కొంచెం పొడుగే. డ్యూటీ దిగి బస్సుకి పరిగెత్తే ప్రతి ఒక్కరూ చదవండి.

గడియారం గంట వెనక్కి తిప్పిన వారం. సాయంత్రం ఐదున్నరకే చీకటి. స్కార్బరోలో సైటు నుంచి బయటికొచ్చాం. మా క్రూలో ఒక కుర్రాడు ఆరెంజ్ వెస్టు విప్పి బ్యాగులో పెట్టి, నల్ల జాకెట్ వేసుకుని, అవతల బస్సు వస్తోందని పెద్ద రోడ్డుకి అడ్డంపడి ఉరికాడు. కారు కీచుమని ఆగింది. వెంట్రుకవాసిలో తప్పింది. "పట్నం ఎప్పుడూ చూడనట్టు ఉరుకుతావేంట్రా?" అని తిట్టేశా. వాడు ఒక్కటే మాటన్నాడు: "సిగ్నల్ దాకా పోయొచ్చేసరికి బస్సు పోతది కదన్నా. మళ్ళీ అరగంట చలిలో నిలబడాలి."

ఆ మాట బుర్రలో తిరిగి, తర్వాత ఈ సంగతి గురించి చదివా. రోడ్డుకి అడ్డంగా నడిచేవాణ్ణి ఇక్కడ "జేవాకర్" అంటారు కదా. వందేళ్ళ కిందట అమెరికాలో "జే" అంటే పట్నం పద్ధతి తెలియని పల్లెటూరి బైతు. అంతకుముందు వీధి అందరిదీ. గుర్రబ్బళ్ళు, నడిచేవాళ్ళు, ఆడుకునే పిల్లలు అందరూ అక్కడే. కార్లొచ్చాక జనం చావడం మొదలైంది. తప్పెవరిదని గొడవ లేచింది. 1920ల్లో మోటారు క్లబ్బులు ఈ తిట్టుని బాగా వ్యాపింపజేశాయి. తప్పు మెల్లగా నడిచేవాడి నెత్తిన పడింది. నేను కుర్రాణ్ణి తిట్టింది కూడా అదే తిట్టు!

టొరంటోలోనూ ముందు నడిచేవాడికే పాఠాలు. 1947లో బడిపిల్లల కోసం ఎల్మర్ అనే ఏనుగు బొమ్మని తెచ్చారు. ఏనుగు ఏదీ మర్చిపోదు కాబట్టి రోడ్డు నియమాలు మీరూ మర్చిపోకండి అని. మంచి పనే. కానీ రోడ్డు మాత్రం మారలేదు.

స్కార్బరో రోడ్ల కథ ఇంకా పాతది. పొలాలు పంచడానికి మన సర్వేయర్లు లాగినట్టే గొలుసుతో కొలిచారు. గొలుసు అంటే 66 అడుగులు. వంద గొలుసులకి, అంటే దాదాపు 2 కిలోమీటర్లకి ఒక దారి. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత ఆ పొలాల్లో ఇళ్ళు లేచాయి, ఆ దారులే కార్ల కోసం వెడల్పయ్యాయి. సిగ్నల్‌కీ సిగ్నల్‌కీ మధ్య దూరం అందుకే అంత.

1958లో టొరంటోలో నడిచేవాళ్ళకి క్రాసోవర్లు పెట్టారు. పెద్ద "ఎక్స్" గుర్తు దగ్గర చెయ్యి చాపితే కారు ఆగాలి. అక్కడ మనిషి పూర్తిగా దాటేదాకా కారు కదలకూడదనే నియమం ఒంటారియోలో 2016 జనవరి 1న వచ్చింది. అదే ఏడు టొరంటో "విజన్ జీరో" ప్లాన్ తీసుకుంది. ఆ ఆలోచన స్వీడన్‌ది, 1997లో అక్కడి పార్లమెంటు ఒప్పుకుంది. మనిషన్నాక పొరపాటు చేస్తాడు, ఆ పొరపాటుకి ప్రాణం పోకుండా రోడ్డు కట్టాలి అన్నదే దాని సారం.

ఇది మన సైటువాళ్ళకి కొత్త కాదు. స్లాబ్ అంచున "జాగ్రత్త" అని బోర్డు పెట్టి ఊరుకుంటామా? గార్డ్‌రైల్ కడతాం. జాగ్రత్త చెప్పడం, వెస్టు వేయించడం ఆ తర్వాత. రోడ్డు దగ్గరికొచ్చేసరికి మాత్రం మనిషినే తిడతాం.

అందుకే రెండు మాటలు. ఒకటి, ఇంటికి చేరేదాకా వెస్టు విప్పకండి, దూరమైనా సిగ్నల్ దగ్గరే దాటండి. బస్సు మళ్ళీ వస్తుంది. రెండు, మీ బస్టాప్ దగ్గర దాటే చోటు లేకపోతే 311కి ఫోన్ చేసి క్రాసింగ్ కావాలని అడగండి. ఒక్కడు అడిగితే వినకపోవచ్చు, పదిమంది అడగండి. పేపర్లు లేవనో, ఇంగ్లీషు రాదనో వెనకాడొద్దు. ఈ రోడ్లు వేసేది మనమే, వాటిని దాటే హక్కు కూడా మనకుంది.

ఆ కుర్రాడికి మర్నాడు టీ తాగుతూ సారీ చెప్పా. ఇద్దరం కలిసే ఫోన్ చేశాం.