జెమ్‌లో బిడ్ వేస్తున్నారా? ధర కన్నా ముందు ఈ రెండు గడువులు చూడండి

కుర్చీలు, కంప్యూటర్లు, ఆసుపత్రి దుప్పట్లు, సెక్యూరిటీ గార్డులు, అద్దె వాహనాలు... కేంద్ర ప్రభుత్వ కార్యాలయాలు ఇలాంటివి కొనేది ఇప్పుడు ప్రధానంగా ప్రభుత్వ ఈ-మార్కెట్‌ప్లేస్‌లోనే. అందరూ జెమ్ అంటారు. 2016 ఆగస్టులో మొదలైంది. అంతకు ముందు ఈ కొనుగోళ్లు చూసిన డీజీఎస్‌అండ్‌డీని 2017 అక్టోబరు 31న మూసేశారు.

ముందుగా ఒక తేడా. జెమ్ వస్తువులకు, సేవలకు మాత్రమే. రోడ్డు, కాలువ, భవనం లాంటి సివిల్ పనులు ఇందులో ఉండవు. వాటికి ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ప్రభుత్వాల ఈ-ప్రొక్యూర్‌మెంట్ పోర్టళ్లు వేరుగా ఉన్నాయి. ఉమ్మడి రాష్ట్రంలో ఆన్‌లైన్ టెండర్లు 2003లోనే మొదలయ్యాయి కాబట్టి మన దగ్గర పాత కాంట్రాక్టర్లకు ఈ పద్ధతి కొత్తేమీ కాదు. ఇబ్బంది పడుతున్నది చిన్న తయారీదారులు, కొత్తగా దిగిన సరఫరాదారులు.

"అందరికన్నా తక్కువకు వేశాం, అయినా ఆర్డరు రాలేదు" అని వీళ్లు అంటుంటారు. అలాంటప్పుడు ముందు చూడాల్సింది, అసలు ధర తెరిచే దశకు మీ బిడ్ చేరిందా లేదా అని. జెమ్‌లో సాధారణంగా రెండు ప్యాకెట్ల పద్ధతి ఉంటుంది. మొదట అర్హత పత్రాలు, సాంకేతిక వివరాలు పరిశీలిస్తారు. అందులో నెగ్గినవారి ధరలే తెరుస్తారు. పత్రాల దగ్గరే ఆగిపోతే మీ ధర ఎవరూ చూడరు.

బిడ్ పత్రం మొదటి పేజీల్లో ఓ పట్టిక ఉంటుంది. ముగింపు తేదీ, ఆఫర్ ఎన్ని రోజులు చెల్లాలి, మూడేళ్ల సగటు టర్నోవర్ ఎంత ఉండాలి, అనుభవం ఎన్నేళ్లు కావాలి, చిన్న పరిశ్రమలకు ఆ షరతుల నుంచి మినహాయింపు ఉందా లేదా అన్నీ అక్కడే. చాలామంది దీన్ని చూసి ఆపేస్తారు. అసలు చిక్కు చివరి పేజీల్లో ఉంటుంది. కొనుగోలుదారు సొంతంగా చేర్చిన అదనపు షరతులు, అంటే ఏటీసీ, అక్కడ ఉంటాయి.

ఏటీసీలో ఏది పడితే అది రాయడానికి వీల్లేదు. ఫలానా బ్రాండు పేరు పెట్టడం, టెండరు ఫీజు అడగడం, బిడ్‌తో పాటే శాంపిల్ పంపమనడం, కాగితాలు పోస్టులో పంపితేనే అర్హత అనడం, ఫలానా సంస్థకు సరఫరా చేసిన అనుభవమే కావాలనడం, మినహాయింపు ఉన్నవారిని ధరావతు కట్టమనడం జెమ్ ఒప్పుకోని షరతుల్లో కొన్ని. ఈ జాబితా బిడ్ పత్రం చివర్లోనే అచ్చయి ఉంటుంది. అయినా ఇలాంటివి పెట్టే కార్యాలయాలు ఉంటాయి. ఎవరూ అడగకపోతే బిడ్ అలాగే నడిచిపోతుంది.

అడగడానికే మొదటి గడువు: బిడ్ వెలువడిన నాటి నుంచి 4 రోజులు. విక్రేతగా లాగిన్ అయి, ఆ బిడ్ వివరాల్లో ఉండే 'రిప్రజెంటేషన్' విండోలో అభ్యంతరం రాయాలి. దానికి కొనుగోలుదారు జవాబు ఇచ్చి తీరాలి. ఇవ్వకపోతే బిడ్లు తెరవడానికి పోర్టల్ అనుమతించదు. ఒక చిన్న సరఫరాదారు చేతిలో ఇంతకన్నా బలమైన ఆయుధం జెమ్‌లో ఇంకొకటి కనిపించదు. కానీ ముగింపు తేదీకి రెండు రోజుల ముందు బిడ్ తెరిచి చూసేవారికి ఇది ఎందుకూ పనికిరాదు. బిడ్ల జాబితా లాగిన్ లేకుండానే ఎవరికైనా కనిపిస్తుంది. మీ సరుకు పేరుతో రోజూ ఉదయం ఒకసారి వెతకడం ఐదు నిమిషాల పని.

రెండో గడువు ఇంకా చిన్నది. సాంకేతిక పరిశీలనలో మీ పత్రం ఏదైనా స్పష్టంగా లేకపోతే, కొనుగోలుదారు పోర్టల్‌లోనే వివరణ అడుగుతారు. జవాబుకు ఎన్ని రోజులిస్తారో బిడ్ పట్టికలో ముందే రాసి ఉంటుంది. తరచూ కనిపించేది 2 రోజులు. ఈలోగా జవాబు అప్‌లోడ్ చేయకపోతే మీ బిడ్ తిరస్కరించవచ్చు. ఆ అడిగేది బిడ్ ముగిసిన మర్నాడు కావచ్చు, మూడు వారాల తర్వాత కావచ్చు.

ఇక్కడే మన ఊళ్లలో ఒక అలవాటు దెబ్బతీస్తుంది. రిజిస్ట్రేషన్ నెట్ సెంటర్‌లోనో, అకౌంటెంటు దగ్గరో చేయిస్తారు. ఈమెయిల్, ఒక్కోసారి ఫోన్ నంబరు కూడా వాళ్లవే ఇస్తారు. వివరణ కోరుతూ వచ్చిన సందేశం అక్కడే ఉండిపోతుంది. మీ ఖాతాలో ఏ ఈమెయిల్, ఏ నంబరు ఉన్నాయో ఈరోజే చూసుకోండి. పని చూసే మనిషికి పాస్‌వర్డ్ ఇవ్వనక్కర్లేదు, ప్రధాన ఖాతాదారు కింద అతనికి వేరే యూజర్‌ను సృష్టించవచ్చు. బిడ్ వేశాక ఫలితం వచ్చేదాకా రోజూ డ్యాష్‌బోర్డు తెరవడం తప్పదు.

ఉద్యమ్ ధ్రువపత్రంపైనా అపోహ ఉంది. అది ఉంటే ధరావతు కట్టనక్కర్లేదని, ధరలో ప్రాధాన్యం దొరుకుతుందని అనుకుంటారు. తయారీదారులకు, సేవలందించే సంస్థలకు అది నిజమే. ఎల్1 అంటే అతి తక్కువ ధర వేసింది పెద్ద సంస్థ అయితే, దానికి 15 శాతం లోపు ఎక్కువ వేసిన సూక్ష్మ, చిన్న సంస్థకు అదే ధరకు దిగివచ్చే అవకాశం ఇస్తారు. లక్ష రూపాయలు ఎల్1 అనుకుంటే, 1,13,000 వేసిన చిన్న తయారీదారు లక్షకు ఒప్పుకొని ఆర్డరులో వాటా పొందవచ్చు. కొని అమ్మే వ్యాపారికి మాత్రం ఇవి వర్తించవు. 2021 జులై నుంచి వ్యాపారులకూ ఉద్యమ్ నమోదు ఇస్తున్నారు గానీ, అది బ్యాంకుల ప్రాధాన్య రంగ రుణాల వరకే. ఆ ధీమాతో ధరావతు కట్టకుండా బిడ్ వేస్తే మొదటి దశలోనే పోతుంది. ఇక ఆర్డరు వచ్చాక కట్టే పెర్ఫార్మెన్స్ సెక్యూరిటీకి ఈ మినహాయింపు తయారీదారుకైనా లేదు. బిడ్ పత్రంలో అది అడిగి ఉంటే బ్యాంకు గ్యారంటీ ఖర్చు కలుపుకొనే ధర వేయాలి.