తుపాకులు దించిన మూడు ఆదివారాలు



యుద్ధమనగానే మనకు తుపాకీ గుళ్ళూ, బాంబులే గుర్తుకొస్తాయి. కానీ పసిపిల్లల్ని పొట్టన పెట్టుకునేవి అవి మాత్రమే కాదండీ. దారులు మూసుకుపోతే మందులు రావు, నర్సమ్మ రాదు. అప్పుడు తట్టు, కోరింత దగ్గు, ధనుర్వాతం చడీచప్పుడూ లేకుండా తమ పని తాము చేసుకుపోతాయి.

మధ్య అమెరికాలో ఎల్ సాల్వడోర్ అని ఒక చిన్న దేశం ఉంది. వైశాల్యంలో మన పాత అనంతపురం జిల్లా కన్నా కాస్త పెద్దది, అంతే. అక్కడ 1980 నుంచి 1992 దాకా ప్రభుత్వ సైన్యానికీ, గెరిల్లాలకూ మధ్య అంతర్యుద్ధం సాగింది. సుమారు 75,000 మంది చనిపోయారు. 1980 మార్చిలో ఆర్చిబిషప్ రొమేరోని ప్రార్థన జరిపిస్తుండగానే కాల్చి చంపారంటే, అక్కడి పరిస్థితి ఎలాంటిదో ఊహించుకోండి.

అలాంటి చోటికి 1984లో యునిసెఫ్ అధిపతి జేమ్స్ గ్రాంట్ ఒక కోరికతో వెళ్ళారు. టీకాలతో ఆపగల జబ్బుల వల్ల పోయే పిల్లలు పోరాటంలో పోయేవారికన్నా ఎక్కువని అధ్యక్షుడు దువార్తెకు నచ్చజెప్పారు. టీకాలు వేసే రోజుల్లో మాత్రం కాల్పులు ఆపమని అడిగారు. అధ్యక్షుడు సరేనన్నారు. మరి అవతలి పక్షం మాటో? రొమేరో తరువాత ఆర్చిబిషప్ అయిన రివెరా ఇ దామాస్ ఆ రాయబారం నడిపారు. రెండు పక్షాలూ ఒప్పుకున్నాయి.

1985 ఫిబ్రవరి 3, మార్చి 3, ఏప్రిల్ 21. మూడూ ఆదివారాలే. మూడెందుకంటారా? పిల్లల తల్లులు మీకు తెలియనిదేముంది! పోలియో చుక్కలూ, కంఠసర్పి, కోరింత దగ్గు, ధనుర్వాతాల టీకా ఒక్కసారితో సరిపోవు. వారాల ఎడంతో మళ్ళీ మళ్ళీ వేయించాలి. పైగా ఆ మందు వేడి తగిలితే పాడైపోతుంది. మంచు పెట్టెల్లో పెట్టి, కొండదారులు దాటించి మోసుకెళ్ళాలి. దారిలో ఎవరూ ఆపకూడదు, కాల్చకూడదు. అందుకే డబ్బూ మందూ ఉన్నా చాలలేదు, ఇరుపక్షాల మాటా కావలసివచ్చింది. అలా ఇంచుమించు రెండున్నర లక్షల మంది పిల్లలకు టీకాలు పడ్డాయి.

"మర్నాటికి మళ్ళీ యుద్ధమేగా, ఏం లాభం?" అని మీరు అడగవచ్చు. నిజమే, యుద్ధం ఆగలేదు. 1992 జనవరిలో సంధి కుదిరేవరకూ సాగింది. కానీ బిడ్డ ఒంట్లో పడిన టీకా తుపాకులు మళ్ళీ లేచినంత మాత్రాన పోదు కదా! పైగా ఈ 'ప్రశాంత దినాలు' ఆ ఏడుతో ముగియలేదు, సంధి దాకా ఏటేటా జరిపారు. 1987లో లెబనాన్‌లోనూ టీకాల కోసం ఇలాగే కాల్పులు ఆపారు. 1989లో సూడాన్‌లో ఇరుపక్షాల ఒప్పుదలతోనే ఆకలిగొన్నవారికి తిండి చేర్చారు.

మనదేశంలో సార్వత్రిక టీకాల కార్యక్రమం మొదలైంది కూడా ఆ 1985లోనే. మనం బిడ్డను చంకనేసుకుని టీకాల కేంద్రానికి వెళ్ళాం, వచ్చాం. ఆ నడకకు కూడా రెండు సైన్యాల అనుమతి కావలసిన తల్లులు లోకంలో ఉన్నారు.

పక్కింటివాళ్ళతో మాటలు లేకపోయినా, వాళ్ళ పిల్ల గడప తట్టుకుని పడితే పరుగెత్తి ఎత్తుకుంటాం. తగవు పెద్దలది, పిల్లలది కాదు. ప్రతి ఇల్లాలికీ తెలిసిన ఈ మాటను ఆ మూడు ఆదివారాలూ రెండు సైన్యాలు ఒప్పుకున్నాయి.