జూలై 12న పోయిన లారీ

2017 జూన్ 30 అర్ధరాత్రి పార్లమెంటు సెంట్రల్ హాలులో రాష్ట్రపతి ప్రణబ్ ముఖర్జీ, ప్రధాని మోదీ కలిసి మీట నొక్కారు. జీఎస్టీ వచ్చేసింది. తెల్లారేసరికి పిడుగురాళ్లలో సున్నపు బట్టీలు ఎప్పట్లాగే మండుతున్నాయి, లారీలు ఎప్పట్లాగే కాటా ఎక్కుతున్నాయి. మారిందల్లా లారీతోపాటు పోయే కాయితం.

సున్నం మీద పన్ను 5 శాతం. దాచేపల్లి దాటి, పొందుగుల దగ్గర కృష్ణ మీద వంతెనెక్కి తెలంగాణలోకి దిగే లోడుకు ఐజీఎస్టీ ఒక్కటే వేయాలి. నరసరావుపేట వైపు మళ్లితే కేంద్రానికి రెండున్నర, రాష్ట్రానికి రెండున్నర. ఇదంతా గుమాస్తాలు త్వరగానే పట్టేశారు. చిక్కు రిటర్న్ దగ్గర వచ్చింది. వ్యాట్ రోజుల్లో ఫారం 200లో రేట్లవారీగా నెల అమ్మకం మొత్తం వేస్తే సరిపోయేది. జీఎస్టీఆర్-1 అట్లా ఒప్పుకోదు. రిజిస్ట్రేషన్ ఉన్న పార్టీకి రాసిన ప్రతి బిల్లూ నంబరుతో, తేదీతో, వాళ్ల జీఎస్టీ నంబరుతో విడివిడిగా ఎక్కాల్సిందే.

ఇక్కణ్నుంచి చెప్పేది ఒక్క ఆఫీసు ముచ్చట కాదు. ఆ యేడు చిన్న వ్యాపారాల లెక్కల గదుల్లో పడిన తిప్పలను ఒక బట్టీ ఆఫీసులో కూర్చి చెబుతున్నాను. మనుషులు కల్పితం, తప్పు మాత్రం అచ్చంగా జరిగేదే.

యజమాని కొత్త కంప్యూటరు కొన్నాడు. అమ్మినతను విండోస్, ఎక్సెల్ ఎక్కించి, ఒకసారి ఆన్ చేసి చూపించి, టీ తాగి పోయాడు. శిక్షణ అంటే అదే! పెద్ద గుమాస్తా వ్యాట్ కాలం మనిషి. చిట్టాలో రూపాయి తేడా వస్తే అన్నం సయించదు. జూలై బిల్లులన్నీ తన షీటులో తానే కొట్టుకున్నాడు. తేదీలు మనం రాసే పద్ధతే, ముందు రోజు, తర్వాత నెల. వాటిని జీఎస్టీ నెట్‌వర్క్ ఇచ్చిన ఎక్సెల్ నమూనాలో బీటూబీ షీటులోకి మార్చి, ఆఫ్‌లైన్ టూల్‌కి ఎక్కించాడు. వరసకు వరస తప్పని చూపించింది.

ఆడిటర్ గారి ఆఫీసు నుంచి కుర్రాడొచ్చాడు. తేదీల కాలమ్ పట్టుకుని, నెల అక్షరాల్లో కనపడేట్టు ఫార్మాట్ మార్చాడు. మార్చి, నవ్వాపుకున్నాడు.

“ఏంది బాబాయ్, జూలై 12న పోయిన లారీ డిసెంబరు 7న పోతుందంట?”

“జూలై పన్నెండే కొట్టానురా నేను. కాటా చీటీ చూసుకో.”

“నువ్వు కొట్టింది అదే. ఇది చదువుకుంది వేరే.”

ఆ కంప్యూటరులో రీజియన్ అనే సెట్టింగు అమెరికా ఇంగ్లిష్‌కి ఉంది. వాళ్లకు ముందు నెల, తర్వాత రోజు. 5/7/2017 కొడితే మే 7 అయింది, 12/7/2017 కొడితే డిసెంబరు 7 అయింది. తెర మీద మాత్రం కొట్టిన అంకెలే ఉంటాయి కాబట్టి ముసలాయన కళ్లద్దాలు తుడుచుకుని ఎన్నిసార్లు చూసినా తప్పు దొరకదు. జూలై 7 బిల్లు ఒక్కటే ఎటు చదివినా ఒకటే గనక బతికిపోయింది.

మరి 13 తర్వాతవి? పదమూడో నెల లేదు. అందుకని ఎక్సెల్ వాటిని తేదీలుగా గుర్తించక మామూలు రాతగా వదిలేసింది. ఆ గుర్తు కంటికి కనపడుతూనే ఉంది. తేదీ అయినది గడిలో కుడివైపుకు జరుగుతుంది, రాత అయినది ఎడమవైపు ఆనుకుంటుంది. 12 దాకా బిల్లులు కుడి గోడకి, 13 నుంచి ఎడమ గోడకి. పెద్దాయన అది చూశాడు గానీ అచ్చు సరిగ్గా కుదరలేదనుకున్నాడు.

“ఇంత పోసి కొన్నది ఇందుకా? వెనక్కిచ్చెయ్యి” అన్నాడు యజమాని.

“మిషన్ బానే ఉంది సార్” అని కుర్రాడు పనిలో పడ్డాడు. తలకిందులైన తేదీలకు పక్క కాలమ్‌లో డేట్ ఫార్ములా వేశాడు. సంవత్సరం అట్లాగే ఉంచి, నెల ఉండాల్సిన చోట డే, రోజు ఉండాల్సిన చోట మంత్. మే 7 జూలై 5 అయిపోయింది. ఎడమకి ఆనుకున్న వాటిని ఎంపిక చేసి, డేటా మెనూలో టెక్స్ట్ టు కాలమ్స్ తెరిచి, ఆఖరి మెట్టులో డేట్ దగ్గర డీఎంవై ఎంచాడు. అవీ కుడికి జరిగాయి. ఫార్ములా ఫలితాలను కాపీ చేసి, పేస్ట్ స్పెషల్‌లో వాల్యూస్‌గా అతికించాడు.

పనిలో పనిగా ఇంకోటి చూపించాడు. జీఎస్టీ నంబరులో మొదటి రెండంకెలు రాష్ట్రం కోడు. మనది 37, తెలంగాణ 36. లెఫ్ట్ ఫార్ములాతో ఆ రెండంకెలు విడిగా తీసి ఫిల్టర్ పెడితే, 36 పార్టీకి పొరపాటున రాష్ట్రం పన్ను వేసిన బిల్లు ఏదైనా ఉంటే బయటపడుతుంది. 16 అంకెల బ్యాంకు ఖాతా నంబరు కొట్టే ముందు కాలమ్‌ని టెక్స్ట్ చేసుకోవాలి, లేకుంటే 15 అంకెల తర్వాతది సున్నా అయిపోతుంది. పెద్దాయన ఇవన్నీ చిట్టా వెనక అట్ట మీద రాసుకున్నాడు.

ఆ గుమాస్తాని చూసి నవ్వే హక్కు ఎవరికీ లేదు. 2020లో ఇంగ్లండ్ ప్రజారోగ్య సంస్థ పాత ఎక్సెల్ ఫార్మాట్ వాడింది. అందులో షీటుకు 65,536 వరసలే పడతాయి. దాంతో 15,841 కోవిడ్ కేసులు సకాలంలో లెక్కకెక్కలేదు. మన దగ్గర సాక్షాత్తూ జీఎస్టీ పోర్టలే మొదటి రిటర్న్ గడువు ముంగిట మొరాయిస్తే, ఆగస్టు 20ని 25కి జరిపారు. జీఎస్టీఆర్-1కైతే గడువు మీద గడువు ఇచ్చారు. ప్రభుత్వానికి గడువు జరుపుకునే వీలుంది, గుమాస్తాకి లేదు. నా లెక్కలో తప్పు గుమాస్తాది కాదు. మిషన్‌కి డబ్బు పెట్టి, ఆ కుర్చీలో కూర్చునే మనిషికి ఒక పూట నేర్పించడానికి పెట్టని యజమానిది.

2025 అక్టోబరు 14తో విండోస్ 10కి, ఆఫీస్ 2016, 2019 వర్షన్లకి మైక్రోసాఫ్ట్ సపోర్ట్ ఆగిపోయింది. మళ్లీ ఊరూరా కంప్యూటర్లు మారుతున్నాయి. మీ ఆఫీసులో కొత్తది పెట్టిన రోజు, అమ్మినతను టీ తాగి లేవకముందే ఖాళీ గడిలో 13/7/2017 అని కొట్టి చూడండి. ఎడమవైపు ఆనుకుంటే, రీజియన్‌ని ఇంగ్లిష్ ఇండియాకి మార్పించి ఆ తర్వాతే డబ్బులివ్వండి.