తెర వెనుక కాపురం

పాలమూరు సీమలోని కొల్లాపూర్‌లో సురభి అంటే రాజుగారి ఇంటిపేరు. జటప్రోలు సంస్థానాన్ని ఏలినవారు వాళ్ళే. చంద్రికా పరిణయం రాసిన మాధవరాయలు ఆ వంశంవాడే. అయితే ఇవాళ మనం వెళ్ళేది కోటలోకి కాదండీ, నాటకాల సురభి దగ్గరికి. ఆ పేరు రాజులది కాదు, కడప జిల్లాలోని ఒక పల్లెది.

తోలుబొమ్మలాడించిన కుటుంబాలవాళ్ళు 1885లో ఆ పల్లెలో బొమ్మల్ని పక్కన పెట్టి, తామే వేషాలు కట్టి కీచకవధ ఆడారు. వారికి పెద్ద వనారస గోవిందరావుగారు. ఆ కాలంలో ద్రౌపదైనా సీతైనా మీసం గొరిగించుకున్న మగవాడే! ఆడది రంగమెక్కితే లోకం ఊరుకునేదా? సురభివారు మాత్రం తమ ఇంటి ఆడవాళ్ళ చేతనే ఆడవేషాలు వేయించారు.

ఎలా సాగిందంటారా? తెర వెనక్కి రండి. కాళ్ళకు తాళ్ళు తగులుతాయి, జాగ్రత్త. ఇటు చుట్టిన తెరలు: అడవి, అంతఃపురం, రాజవీధి. పైన దూలాల మీద మనుషులు. ఘటోత్కచుడి నోట్లోకి లడ్డూలు ఎగిరి వెళ్ళేది మాయవల్ల కాదు, కంటికి ఆనని సన్నని తీగలవల్ల. అస్త్రాలు ఆకాశంలో ఢీకొనేదీ అలాగే. తీగ లాగే చెయ్యి ఒక్క క్షణం ఆలస్యమైతే రాక్షసుడు నోరు తెరుచుకుని నిలబడిపోవాల్సిందే!

ఆ చేతులు ఎవరివనుకున్నారు? అన్నలవి, బావలవి, మేనమామలవి. పక్కనే పెట్టెల మధ్య పసిబిడ్డ నిద్ర. తన ఘట్టం అయిపోగానే రాణిగారు కిరీటంతోనే వచ్చి బిడ్డను ఎత్తుకుంటుంది. ఆ బిడ్డే నాలుగేళ్ళు పోయాక కృష్ణుడో ప్రహ్లాదుడో అవుతాడు. సమాజం వెంటనే ఉన్నది ఇల్లే కనుక కోడలు ధైర్యంగా రంగమెక్కింది. కాకపోతే ఆ ఇంటికి సెలవంటూ లేదు. గుంజలు పాతి, రేకులు కప్పి, కొన్నాళ్ళు ఆడి, అన్నీ విప్పి, పిల్లల్నీ గిన్నెల్నీ బండికెత్తి మరో ఊరు. వంట మాత్రం ఏ ఊళ్ళోనైనా ఆడవాళ్ళదే లెండి!

సురభి కమలాబాయి రంగస్థలం మీదే పుట్టిందని చెప్పుకుంటారు. 1932లో వచ్చిన మొదటి తెలుగు టాకీ భక్తప్రహ్లాదలో లీలావతి ఆమే. ఆ టాకీలే తర్వాత నాటకాల ప్రేక్షకుల్ని లాక్కుపోయాయి. ఒకనాడు 36 దాకా ఉన్న సురభి సమాజాల్లో నేడు మిగిలినవి వేళ్ళమీద లెక్కించేన్ని. పెద్ద సమాజం హైదరాబాదు శేరిలింగంపల్లిలో స్థిరపడింది. దాన్ని నడిపిన నాగేశ్వరరావుగారికి, అదే బాబ్జీగారికి, 2013లో పద్మశ్రీ వచ్చింది, 2022లో కన్నుమూశారు.

మీ దగ్గర్లో మాయాబజార్ ఆడితే పిల్లల్ని తీసుకెళ్ళండి. వాళ్ళు ఎగిరే లడ్డూల్ని చూస్తూ ఉంటారు. మీరు కాస్త పక్కతెర వైపు చూడండి, చంటిబిడ్డను ఎత్తుకున్న రాణి కనిపిస్తుందేమో.