పరిమళం ఒకరిది, మైల ఒకరిది

బట్టలుతికే ద్రవాలు ఇంట్లోనే చేసుకోవడం మళ్ళీ మొదలైంది. కుంకుళ్ళ గింజలు తీసి, రాత్రంతా నానబెట్టి, మరిగించి, పిసికి వడకట్టడం. ఆఖరి జాడింపు నీళ్ళలో వట్టివేళ్ళు కాచిన నీళ్ళు కలపడం. ఒక పాలు బెల్లం, మూడు పాళ్ళు నిమ్మ, బత్తాయి తొక్కలు, పది పాళ్ళు నీళ్ళు కలిపి మూడు నెలలు పులియబెట్టడం. ఇవన్నీ నేనూ ఇష్టంగానే చేస్తున్నాను. చేతులు మండవు, నేతచీర మెత్తగా ఉంటుంది. అయితే ఈ సంగతి వచ్చినప్పుడల్లా మన మిత్రులు 'ఇది మన అమ్మమ్మల జ్ఞానం' అంటారు. ఆ మాట దగ్గరే నేను ఆగిపోతాను. ఏ అమ్మమ్మల జ్ఞానం?

కుంకుడు చరిత్ర వెతుక్కుంటూ వెళితే మనం గర్వంగా చెప్పుకోలేని పుస్తకం ఎదురవుతుంది. మనుస్మృతి అయిదో అధ్యాయంలో బట్టల శుద్ధి గురించి ఒక శ్లోకం ఉంది. పట్టునీ ఉన్నినీ చౌటిమన్నుతో, ఒక రకం కంబళ్ళని కుంకుళ్ళతో, నారబట్టల్ని తెల్లావాలతో శుభ్రం చెయ్యాలని అందులో ఉంది. పట్టునీ ఉన్నినీ ఎలా ఉతకాలో ఇంత వివరంగా చెప్పిన పుస్తకం ఉతికే మనిషి గురించి ఏం చెప్పింది? నునుపైన బూరుగు చెక్క మీద మెల్లగా ఉతకాలనీ, ఒకరి బట్టలు మరొకరి బట్టల్లో కలపకూడదనీ ఎనిమిదో అధ్యాయం శాసించింది. బట్టలుతికేవాడి అన్నం తినకూడదని నాలుగో అధ్యాయం చెప్పింది. జ్ఞానం పనికొచ్చింది, జ్ఞానం గల మనిషి అంటరాలేదు. అంబేద్కర్ నాయకత్వంలో 1927 డిసెంబర్ 25న మహద్‌లో తగలబెట్టింది ఈ పుస్తకాన్నే.

పరిమళానికి మాత్రం ఈ గతి పట్టలేదు. వాత్స్యాయనుడు చెప్పిన అరవైనాలుగు కళల్లో గంధయుక్తి ఒకటి. ఆరో శతాబ్దపు వరాహమిహిరుడు బృహత్సంహితలో గంధయుక్తికి ఒక అధ్యాయమే కేటాయించాడు. సువాసన చేకూర్చడం కళ అయింది, మురికి వదిలించడం కులం అయింది. నిజానికి ఈ రెండూ జరిగేది ఒకే బట్ట మీద.

ఈ విభజన మా అమ్మమ్మ ఇంట్లోనూ ఉండేది. ఆమె ట్రంకుపెట్టె తెరిస్తే చీరల మడతల్లో మొగలిరేకులు, వట్టివేళ్ళ కట్ట, చిన్న గుడ్డలో కర్పూరం. చలికాలం సాంబ్రాణి పొగ పట్టిన పంచెలు. ఆ సువాసనల బాధ్యత అమ్మమ్మది. కానీ ఆ చీర పెట్టెలోకి రాకముందు చాకిరేవుకి వెళ్ళేది. అక్కడ చౌడు నీళ్ళలో తడిసి, బానలో ఆవిరికి ఉడికి, బండ మీద దెబ్బలు తిని, నీలిమందూ గంజీ పట్టుకుని తిరిగొచ్చేది. ఏ ఇంటి బట్ట ఏదో తెలియడానికి అంచున నల్లజీడి రసంతో గుర్తు పెట్టేవాళ్ళు. ఆ రసం తగిలితే చర్మం పొక్కిపోతుంది. ఏ బట్టకి ఎంత చౌడు, ఎంతసేపు ఆవిరి అన్న లెక్క మా అమ్మమ్మకి తెలియదు, బట్టలకొచ్చే ఆమెకి తెలుసు. ఆమెని పిల్లలం కూడా ఏకవచనంతోనే పిలిచేవాళ్ళం. ఏడాదికోసారి కళ్ళంలో మేర, రోజూ సాయంత్రం గిన్నెలో ఇన్ని మెతుకులు, ఇదీ ఆమె కూలి.

ముట్టు బట్టలూ, పురిటి బట్టలూ ఆమె చేతికే వెళ్ళేవి. ఆ మూడు రోజులూ మా అమ్మమ్మ తన ఇంట్లోనే అంటరానిది. ఆమెని మూల కూర్చోబెట్టిన మైల నాలుగోరోజు స్నానంతో పోయేది. ఆ బట్ట మూటగట్టుకుపోయిన స్త్రీకి మాత్రం ఏ స్నానంతోనూ పోయేది కాదు. పితృస్వామ్యమూ కులమూ ఎక్కడ కలుస్తాయని చర్చించుకునేటప్పుడు నాకు ఆ మూటే గుర్తొస్తుంది. ఇద్దరు స్త్రీలూ దాన్ని పట్టుకున్నారు. ఒకరు వదిలేశారు, ఇంకొకరు మోశారు.

మోసినవాళ్ళు నోరెత్తలేదనుకోవడం పొరపాటు. పన్నెండో శతాబ్దపు కల్యాణంలో శివభక్తుడైన మడివాలు మాచయ్య కథని పాల్కురికి సోమనాథుడు బసవపురాణంలో తెలుగులోకి తెచ్చాడు. ఆ సోమనాథుడి ఊరు పాలకుర్తిలోనే, కొన్ని శతాబ్దాల తర్వాత, చాకలి స్త్రీ చిట్యాల ఐలమ్మ కౌలుకి తీసుకున్న భూమిలో పండిన పంట కోసం విసునూరు దేశ్‌ముఖ్ మీద నిలబడింది. వెట్టిచాకిరి మీద జరిగిన తెలంగాణ పోరాటానికి ఆమె గుర్తుగా మిగిలింది. ఆమె మాటల్ని మనకి అందించింది 1986లో వచ్చిన 'మనకు తెలియని మన చరిత్ర'. ఐలమ్మ పోరాటం మనకి తెలుసు. ఆమె కులపు స్త్రీలు తరతరాలుగా చేసిన పనిలోని నైపుణ్యాన్ని మాత్రం ఎవరం అడిగి రాసుకోలేదు.

తర్వాత కథ బజారుది. 1959లో సర్ఫ్ వచ్చింది. 1969లో అహ్మదాబాద్‌లో కర్సన్‌భాయ్ పటేల్ ఇంటి దగ్గర కలిపి సైకిల్ మీద అమ్మిన పసుప్పచ్చ పొడి నిర్మా అయింది. ఇంట్లో కలిపిన పొడి మగవాడు అమ్మితే పరిశ్రమ, ఆడది తన ఇంటికి కలుపుకుంటే పొదుపు. 1980లలో టీవీలో లలితాజీ వచ్చి తెలివైన గృహిణికి నిర్వచనం చెప్పింది. పొడులు చవకయ్యాక ఉతుకు ఇంట్లోకి వచ్చింది. రేవులు ఎండాయి, అక్కడి మగవాళ్ళు ఇస్త్రీ బండి దగ్గర నిలబడ్డారు, స్త్రీలు చాలామంది ఇళ్ళల్లో పాచిపనికి కుదిరారు. మురికి వదలడానికి ఏ పాత్రా లేని వాసనల్ని కంపెనీలు 'శుభ్రత' పేరుతో అమ్మాయి. చాకిరీ మాత్రం మగవాళ్ళ చేతికి మారలేదు. 2024 జాతీయ సమయ వినియోగ సర్వే ప్రకారం జీతం లేని ఇంటిపనికి దాన్ని చేసే స్త్రీలు రోజుకి 289 నిమిషాలు, చేసే పురుషులు 88 నిమిషాలు వెచ్చిస్తున్నారు.

ఈ లెక్క పక్కన పెట్టి కుంకుళ్ళ గురించి మాట్లాడలేం. కాచిన ద్రవం నాలుగు రోజుల్లో పులిసిపోతుంది, మళ్ళీ కాచాలి. ఆ 'మళ్ళీ' ఎవరి నిమిషాల్లోంచి వస్తుంది? ఉద్యోగం చేసుకొచ్చిన మన సాయంత్రంలోంచా, మన ఇంట్లో పనిచేసే ఆమె జీతంలో చేరని అరగంటలోంచా? పర్యావరణం కోసం చేసే పనికి కూడా ఇంట్లో అందరూ చేతులు తడుపుకోవాలి.

నేను కుంకుళ్ళు మానను. కానీ వంటకం చెప్పేటప్పుడు దాని చరిత్రా చెప్పాలనుకుంటున్నాను. బాన పెట్టిన స్త్రీలు కొందరు ఇంకా ఉన్నారు. చౌడు నాణ్యాన్ని చేత్తో ఎలా పోల్చేవారో, నెత్తురు మరక ఎలా వదిలించేవారో, వాసనకి ఏం వేసేవారో వాళ్ళే చెప్పాలి. ఆ సమూహాల నుంచి వచ్చిన రచయిత్రులు వాళ్ళ తల్లుల చరిత్ర రాస్తుంటే ఈ పత్రికల్లో ముందు పేజీలు ఖాళీ చేసి పెట్టాలి. అమ్మమ్మల జ్ఞానం అన్నప్పుడు ఆ అమ్మమ్మల పేర్లు కూడా అందులో ఉండాలి.